మొరపెట్టుకున్న స్త్రీలు, మొర విన్న ప్రవక్త (స)

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట! ఈ సామెత తెలియని తెలుగు ఇల్లు ఉండదు. మన ముస్లిం ఇళ్లలో కూడా దీన్ని నవ్వుతూనే చెప్పుకుంటాం. కాస్త ఆగి ఆలోచిస్తే ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. దెబ్బ అన్నది ఈ సామెతలో అసలు విషయమే కాదు. అది ఎండలా, వానలా వచ్చిపోయేది. బాధంతా ఆ దెబ్బ పక్కింటివారికి తెలిసిపోయినందుకే!

స్త్రీల వారపు ఇజ్తిమాల్లో భార్యాభర్తల హక్కుల మీద పాఠం జరిగినప్పుడల్లా, పాఠం ముగిసి టీ గ్లాసులు అందుకునే సమయంలో అసలు మాటలు బయటికొస్తాయి. “కొట్టని మగాడెవడమ్మా?” అంటుంది ఒక పెద్దావిడ. “ఊరికే కొడతారా, మనం నోరు చేసుకుంటేనే కదా!” అంటుంది ఇంకొకామె. “ఖర్చులకిస్తాడు, నమాజు చదువుతాడు, ఎప్పుడో కోపంలో చెయ్యి చేసుకుంటాడు, అంతే” అని భర్తను వెనకేసుకొస్తుంది మరో సోదరి. చెయ్యి చేసుకోవడం, నాలుగు తగిలించడం... దెబ్బకు మన భాషలో ఎన్ని మెత్తటి పేర్లో చూడండి. జుల్మ్ అనే మాటను మాత్రం చెయ్యి విరిగినప్పటికో, ఒంటి మీద కిరోసిన్ పడినప్పటికో దాచుకుంటాం. అంతవరకు జరిగేదంతా మన లెక్కలో సంసారమే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇది ఒక ఊరి మాట కాదు. 2019-21 మధ్య జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, భర్తకు అనుమానం కలగడం, అత్తమామల్ని గౌరవించకపోవడం. ఈ ఏడింటిలో ఏదో ఒక కారణానికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని. దేశం మొత్తం మీద నూటికి 45 మంది స్త్రీలు సబబేనన్నారు. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అలా అన్నవారు నూటికి 84 మంది! దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంతమంది ఆ మాట అనలేదు. హిమాచల్‌ప్రదేశ్‌లో అదే ప్రశ్నకు అవునన్న స్త్రీలు నూటికి 15 మందే. తెలంగాణలో ఇదే ప్రశ్న పురుషులను అడిగితే నూటికి 70 మంది అవునన్నారు. అంటే కొట్టేవారి కంటే దెబ్బలు తినేవారే కొట్టడాన్ని ఎక్కువగా సమర్థిస్తున్నారన్నమాట.

ఈ అంకెలు అన్ని మతాల స్త్రీలను కలిపి చెప్పినవి. కాబట్టి ఇది ముస్లిముల జబ్బు అని ఎవరైనా వేలెత్తి చూపితే అది అబద్ధం. అలాగని ఇది మన జబ్బు కాదని మనం చేతులు దులుపుకోవడమూ అబద్ధమే. మనం ఈ నేల మీదే పుట్టి పెరిగాం. ఈ నేల సామెతలే మన నోళ్లలోనూ ఉన్నాయి.

అదే సర్వేలో మరో అంకె ఉంది. శారీరక లేక లైంగిక హింసకు గురైన స్త్రీలలో దాన్ని ఆపడానికి ఎవరి సహాయమైనా కోరినవారు దేశం మొత్తం మీద నూటికి 14 మందే. నూటికి 77 మంది సహాయం కోరనూలేదు, ఎవరికీ చెప్పనూలేదు. కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు!

ఎందుకు చెప్పలేదని అడిగితే మన ఇళ్లలో వచ్చే సమాధానాలు మూడే. ఒకటి, నా ఖిస్మత్ ఇంతే. రెండు, సబర్ చేస్తే అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు. మూడు, మన ధర్మమే భర్తకు ఆ అధికారమిచ్చింది కదా. మొదటి మాట అన్ని మతాల ఇళ్లలోనూ వినబడేదే. మిగతా రెండూ ధర్మం పేరుతో పలికేవి. వీటిని మాత్రం ధర్మం వెలుగులోనే పరీక్షించి చూడాలి.

ఆ రాత్రి డెబ్బయి మంది

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో ఈ సమస్య లేదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాలలో హజ్రత్ ఇయాస్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖనం ఒకటుంది. అల్లాహ్ దాసీలను కొట్టవద్దని దైవప్రవక్త (స) మొదట వారించారు. మగవారు చేతులు కట్టుకున్నారు. కొంతకాలానికి హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి, స్త్రీలు భర్తల మీద పెచ్చుమీరుతున్నారని చెప్పారు. అప్పుడు అనుమతి లభించింది. అంతే, ఇంకేముంది! ప్రవక్త కుటుంబీకుల దగ్గరికి స్త్రీలు గుంపులు గుంపులుగా వచ్చి తమ భర్తల గురించి మొరపెట్టుకున్నారు. ఒక్క రాత్రిలో డెబ్బయి మంది వచ్చారని ఇబ్నె మాజా ఉల్లేఖనం చెబుతోంది. తెల్లవారాక దైవప్రవక్త (స) ఈ సంగతి అందరి ముందూ ప్రస్తావించి, అలా కొట్టేవారు మీలో ఉత్తములు కారని తేల్చిచెప్పారు.

ఈ హదీసును చాలామంది అనుమతి అన్న మాట దగ్గరే ఆపేస్తారు. మనం ఆ స్త్రీల వైపు నుంచి చూద్దాం. డెబ్బయి మంది స్త్రీలు ఇంటి గుట్టు రట్టవుతుందని ఆగలేదు. తోడికోడలు నవ్వుతుందని భయపడలేదు. మదీనాలో అందరికంటే గొప్ప గడపకు వచ్చి చెప్పుకున్నారు. దైవప్రవక్త (స) వారిలో ఒక్కరినైనా, నువ్వేం తప్పు చేశావు అని ఎదురు ప్రశ్నించినట్టు ఈ ఉల్లేఖనంలో ఎక్కడా లేదు. సబర్ చేయండమ్మా, ఇంటికెళ్లండి అన్నట్టూ లేదు. వారు చెప్పినదంతా నిజమని స్వీకరించి, దాని ఆధారంగా మగవారికి తీర్పు చెప్పారు. ఈ రోజు మన మస్జిద్ కమిటీ గదికి ఏడుగురు స్త్రీలు ఇదే ఫిర్యాదుతో వస్తే ఏమవుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక ఆయన సొంత నడవడి సంగతి. దైవమార్గంలో పోరాడిన సందర్భాల్లో తప్ప ఆయన తన చేతితో ఎన్నడూ ఎవరినీ కొట్టలేదని, ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ కొట్టలేదని విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త ఇంట్లో గొడవలు లేకనా? ఖర్చుల విషయంలో భార్యలంతా ఒక్కటై నిలదీశారు. ఆయన ఒక నెల రోజులు వారికి దూరంగా మేడ గదిలో ఉన్నారు. ఆ నెలలోనూ చెయ్యి మాత్రం లేవలేదు. పగలు భార్యను బానిసను కొట్టినట్టు కొట్టి, రాత్రి ఆమెతోనే పడక పంచుకోవడం ఏం సిగ్గుమాలినతనమన్న భావంతో ఆయన మందలించినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఈ మందలింపులో ఎంత లోతుందో దెబ్బ తిన్న స్త్రీకి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఆయత్ పేరు చెప్పి

కొట్టే మగవాడికి మిగతా ఖుర్ఆన్ రాకపోయినా అన్నిసా సూరా 34వ ఆయత్ ఉందన్న సంగతి మాత్రం తెలిసి ఉంటుంది. ఆ ఆయత్‌ను దాటవేసి ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు. అందులో నుషూజ్ భయం ఉన్నప్పుడు, అంటే భార్య దాంపత్య బాధ్యతను తెంచుకుని తిరగబడే తీవ్ర స్థితిలో, మూడు మెట్లున్నాయి. మొదట నచ్చజెప్పాలి. తర్వాత పడక వేరు చేయాలి. ఆ తర్వాతే మూడోది. హిజ్రీ 10వ సంవత్సరం చివరి హజ్ ఉపన్యాసంలో దైవప్రవక్త (స) ఈ మూడో దానికి హద్దు గీశారు. గాయపరచేదిగా, బాధించేదిగా అది ఉండకూడదన్నారు. భర్తకు ఇష్టం లేని వ్యక్తిని ఇంట్లోకి, పడక దాకా రానివ్వడం వంటి ఘోరమైన సందర్భాన్ని అక్కడ పేర్కొన్నారు. కూరలో ఉప్పు తగ్గినందుకు కాదు. ఫోను రెండుసార్లు మోగాక ఎత్తినందుకూ కాదు.

ఆ బాధించనిది ఏమిటని అడిగితే, మిస్వాక్ లాంటి దానితో అన్నారు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి). పళ్లు తోముకునే పుల్ల! మక్కా పండితులు హజ్రత్ అతా బిన్ అబీ రబాహ్ (రహ్మలై) మరింత ముందుకెళ్లారు. భార్య మాట విననప్పుడు కూడా భర్త కొట్టకూడదు, కోపం చూపితే చాలునన్నది ఆయన అభిప్రాయం. కొన్ని శతాబ్దాల తర్వాత మాలికీ పండితుడు ఇబ్నుల్ అరబీ దీన్ని అతా గారి గొప్ప అవగాహనగా మెచ్చుకున్నారు. ముఖం మీద కొట్టకూడదని, తిట్టకూడదని హదీసుల్లో స్పష్టమైన నిషేధం ఉంది. గాయమయ్యేలా కొట్టినట్టు రుజువైతే ఆ భర్తకు ఖాజీ శిక్ష వేయాలని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాల్లోనే రాసి ఉంది. ఆయత్ చివరన అల్లాహ్ తన ఔన్నత్యాన్ని, ఘనతను గుర్తుచేశాడు. అకారణంగా భార్యల మీద పెత్తనం చేసే మగవారికి అది హెచ్చరిక అని ఇబ్నె కసీర్ (రహ్మలై) వ్యాఖ్యానించారు.

మన ఇళ్లలో పడే దెబ్బల్ని ఈ హద్దులతో పోల్చి చూడండి. చెంపదెబ్బ, జుట్టు పట్టి లాగడం, బెల్టు, చెప్పు, తాగి వచ్చి తన్నడం, జోడా డబ్బు మిగతాది తెమ్మని కొట్టడం... వీటిలో ఒక్కటైనా ఆ ఆయత్ కిందికి వస్తుందా? అత్తమామల్ని సరిగా చూడలేదనే కారణం మన దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. అత్తమామల సేవ మంచి గుణమే, పుణ్యకార్యమే. కానీ హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం అది కోడలి మీద విధి కాదు. పైగా భర్త బంధువులెవరూ లేని విడి నివాసం కోరే హక్కు ఆమెకుంది. ఆమె మీద విధిగా లేని పని చేయలేదని ఆమెను కొట్టడం ఏ షరీఅత్?

మొరపెట్టుకోవడం సబ్ర్‌కు విరుద్ధమా?

ఖుర్ఆన్‌లో 58వ సూరా పేరు అల్ ముజాదలా. వాదించిన స్త్రీ అని అర్థం. ఎవరితో వాదించింది? సాక్షాత్తు దైవప్రవక్త (స)తో. ఎవరి గురించి? తన భర్త గురించి! ఆమె హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి). వయసు మళ్లాక భర్త కోపంలో, నువ్వు నాకు తల్లి వీపు లాంటిదానివి అనేశాడు. అజ్ఞాన కాలపు అరబ్బులు ఆ ఒక్క మాటతో భార్యను అటు భార్యా కాకుండా, ఇటు విడుదలా లేకుండా వదిలేసేవారు. అక్కడ దెబ్బ పడలేదు. మాట మాత్రమే. ఆ మాట కూడా అన్యాయమేనని ఆమె వచ్చి చెప్పుకుంది, వాదించింది, అల్లాహ్‌కు మొరపెట్టుకుంది. ఆ గది మూలనే ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)కి కూడా ఆమె మాటలు కొన్ని వినబడలేదు. కానీ ఏడు ఆకాశాల పైన అల్లాహ్ విన్నాడు. విన్నానని చెబుతూనే ఆ సూరా మొదలవుతుంది. ఆమె సబర్ చేయలేదని మనలో ఎవరైనా అనగలరా?

చాలా ఏళ్ల తర్వాత ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)ను ఒక ముసలావిడ దారిలో ఆపింది. ఆయన తల వంచి నిలబడి చాలాసేపు విన్నారు. వెంట ఉన్నవారు విసుక్కుంటే, ఈమె ఎవరో తెలుసా, ఖౌలా, ఈమె మాట ఏడు ఆకాశాల పైనుంచి అల్లాహ్ విన్నాడు, ఉమర్ వినకుండా ఉంటాడా అన్న భావంతో జవాబిచ్చారని వ్యాఖ్యాన గ్రంథాలు చెబుతున్నాయి. స్త్రీలు పెచ్చుమీరుతున్నారని ఒకప్పుడు వచ్చి చెప్పింది కూడా ఈ ఉమరే (రజి) అని గుర్తుంచుకోండి.

హజ్రత్ హబీబా బిన్తె సహల్ (రజి) ఉదంతం ఇంకా సూటిగా ఉంటుంది. ఆమె భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి) సామాన్యుడు కాదు, అన్సార్ల తరఫున ప్రసంగించే వక్త, గౌరవనీయ సహాబీ. ఉల్లేఖనాల్లో ఆమె పేరు గురించీ, ఫిర్యాదు గురించీ తేడాలున్నాయి. బుఖారీ ఉల్లేఖనంలో ఆమె భర్త గుణాన్నీ ధర్మాన్నీ తప్పుపట్టదు, తనకు ఇష్టం లేదంటుంది. అబూ దావూద్ ఉల్లేఖనంలో మాత్రం ఆయన కొట్టగా ఆమె ఒంట్లో ఏదో విరిగిందని ఉంది. ఫజ్ర్ వేళ దైవప్రవక్త (స) బయటికి రాగానే చీకట్లో తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆమె కనబడిందని ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ ముఅత్తాలో నమోదు చేశారు. దైవప్రవక్త (స) సాబిత్‌ను పిలిపించారు. మహర్‌గా ఇచ్చిన తోట వెనక్కి ఇప్పించి ఇద్దరినీ వేరు చేశారు. ఇస్లాంలో ఖులాకు మూలం ఈ ఉదంతమే. అంత మంచివాడు, నమాజీ, నీ మీద చెయ్యెత్తాడంటే నమ్మమంటావా అని ఎవరూ ఆమెతో అనలేదు.

సబ్ర్ అంటే ఆపదలో అల్లాహ్ మీద నమ్మకం సడలకుండా నిలబడటం. జాలిమ్‌ను దాచిపెట్టడం కాదు. పైగా దౌర్జన్యం చేస్తున్న సోదరుడికి కూడా సహాయం చేయమన్నారు దైవప్రవక్త (స). అదెలాగని అడిగితే, అతని చేతిని ఆపడమే అతనికి సహాయమని వివరించారు. దాచే భార్య, సర్దిచెప్పే తల్లి అతని పాపాన్ని రోజురోజుకీ పెంచుతున్నారన్నమాట.

పుట్టింటి గడప

డోలీ వెళ్లిన ఇంటి నుంచే జనాజా లేవాలని మన పెద్దవాళ్లు అంటారు. ఇది ఖుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు. దీనికి విరుద్ధమైనది మాత్రం ఉంది. బాధించడం కోసం భార్యల్ని అట్టిపెట్టుకోవద్దని అల్ బఖరా సూరా 231వ ఆయత్ మగవారిని హెచ్చరిస్తోంది. మంచిగా ఉంచుకోవాలి, లేదా మంచిగా విడిచిపెట్టాలి.

రాత్రిపూట కూతురు పిల్లాణ్ని ఎత్తుకుని ఇంటికొస్తే తల్లి నోట మొదటి మాట “ఏం చేశావే?” అని వస్తుంది. ఆ ఒక్క మాటతో బిడ్డ నోరు మూసుకుపోతుంది. రెండోసారి వచ్చినా అసలు కారణం చెప్పదు, ఊరికే చూడాలనిపించి వచ్చానంటుంది. చెల్లెళ్ల పెళ్లి కావాలి, అబ్బాకు బీపీ, అన్న ఇల్లు ఇరుకు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కొట్టిపారేయలేం. కానీ ముందు “దెబ్బ ఎక్కడ తగిలింది బేటీ?” అని అడగడానికి, అన్నం పెట్టి పడుకోబెట్టడానికి, అవసరమైతే డాక్టరుకు చూపించి చీటీ రాయించుకోవడానికి ఇవేవీ అడ్డు కావు. ఆ చీటీ రేపు సాక్ష్యమవుతుంది.

తర్వాత పంచాయితీ. అన్నిసా సూరా 35వ ఆయత్ ఇద్దరు మధ్యవర్తుల్ని పెట్టమంది, ఒకరు అతని తరఫు నుంచి, ఒకరు ఆమె తరఫు నుంచి. మన పంచాయితీల్లో ఏం జరుగుతోంది? పదిమంది మగవారు కూర్చుంటారు, అమ్మాయి లోపలి గదిలో ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. గంటలో ఇద్దరిదీ తప్పేనని తేల్చి, ఫాతిహా చదివి పంపించేస్తారు. ఆమె తరఫు మధ్యవర్తి అంటే ఆమె దగ్గర కూర్చుని అంతా విని, ఆమె మాటను అక్కడ వినిపించేవాడు. స్త్రీల ఇజ్తిమాలు నడిపే సోదరీమణులు ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. ప్రాణభయం ఉన్నప్పుడు మాత్రం పంచాయితీ కోసం ఆగకూడదు, ముందు ఆమెనూ పిల్లల్నీ ఆ ఇంటి నుంచి తప్పించాలి.

చట్టం తలుపు తట్టడం షరీఅత్‌ను కాదనడమని భయపడేవారికి ఒక చరిత్ర చెప్పాలి. హనఫీ మార్గంలో భార్య కోరితే ఖాజీ వివాహాన్ని రద్దుచేసే కారణాలు చాలా తక్కువ. ఆ ఇరుకులో పడి కొందరు స్త్రీలు వివాహ బంధం నుంచి బయటపడటానికి ఇస్లాంనే వదిలిపెట్టే దుస్థితి వచ్చింది. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మలై) 1930ల తొలినాళ్లలో అల్ హీలతున్నాజిజా అనే గ్రంథంలో మాలికీ ధర్మశాస్త్రపు వెసులుబాటును స్వీకరించారు. ఉలమాలు కదిలారు. ఫలితంగా ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939లో వచ్చింది. అలవాటుగా కొట్టడమే కాదు, దెబ్బ వేయకపోయినా క్రూర ప్రవర్తనతో జీవితాన్ని దుర్భరం చేయడం కూడా అందులో వివాహ రద్దుకు కారణం. ఖులాకు భర్త ఒప్పుకోలు తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది.

విడిపోవడం ఇష్టం లేని సోదరీమణులే ఎక్కువ. వారికి కావలసింది దెబ్బలు ఆగడం. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005 సరిగ్గా దానికే ఉంది. అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. కొట్టకుండా ఆపే ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులు కోర్టు ఇప్పించగలదు. బూతులు తిట్టడం, డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా అందులో హింసే. రక్షణాధికారికి ఆమే చెప్పాలని లేదు, విషయం తెలిసిన పక్కింటివారు కూడా చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. ఫోనులో 181 నొక్కితే మహిళా హెల్ప్‌లైన్ పలుకుతుంది. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి.

పెళ్లికి ముందే అడగాల్సింది

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు తలాఖ్ అయి ఇద్దత్ ముగిశాక సంబంధాలు వచ్చాయి. ముఆవియా (రజి) అడిగారు, అబూ జహమ్ (రజి) అడిగారు. ఆమె దైవప్రవక్త (స) సలహా కోరింది. ముఆవియా దగ్గర డబ్బు లేదన్నారు. అబూ జహమ్ భుజం మీది నుంచి కర్ర దించడన్నారు. స్త్రీలను బాగా కొట్టే మనిషి అని మరో ఉల్లేఖనంలో స్పష్టంగానే ఉంది. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. గీబత్ పాపమని నేర్పిన ప్రవక్తే (స) ఈ మాట దాచలేదు. పెళ్లి సంబంధం విషయంలో ఉన్నదున్నట్టు చెప్పడం గీబత్ కాదని పండితులు దీని నుంచే గ్రహించారు.

మనం సంబంధం వచ్చినప్పుడు జీతం అడుగుతాం, సొంత ఇల్లా అద్దె ఇల్లా అడుగుతాం, సౌదీలో ఉద్యోగమైతే ఇఖామా ఎప్పటిదాకా ఉందో కూడా అడుగుతాం. అతని కోపం ఎలాంటిది, వాళ్ల నాన్న వాళ్లమ్మను కొట్టేవాడా, చెల్లెళ్లతో ఎలా మాట్లాడతాడు అని ఎవరినైనా అడిగామా? తెలిసినవాళ్లు మాత్రం, మనకెందుకొచ్చిన గొడవ, సంబంధం చెడగొట్టారంటారని నోరు మెదపరు.

దైవప్రవక్త (స) ఆమెకు ఉసామా బిన్ జైద్ (రజి) పేరు చెప్పారు. విడుదలైన బానిస కొడుకు, ఆమె ఖురైష్ వంశస్తురాలు. మొదట ఆమెకు మనసొప్పలేదు. ఆయన మళ్లీ చెప్పారు. చేసుకుంది. అందులో అల్లాహ్ ఎంత మేలు ఉంచాడంటే, తనను చూసి ఇతర స్త్రీలు ఈర్ష్యపడేవారని తర్వాత ఆమే స్వయంగా చెప్పుకుంది.